ఇంటా బయటా ఒకే ఈజిల్

మన ఇళ్ళలో బొమ్మలు వేసేవారు ఒకరైనా ఉంటారు. బడిలో చదివే అమ్మాయి కావచ్చు, ఉద్యోగం విరమించిన తాతగారు కావచ్చు, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్న తరువాత ఒక గంట తీరిక దొరికించుకొనే ఇల్లాలు కావచ్చు. కాగితాలు, కుంచెలు, రంగులు కొనడానికి ఎవరూ వెనుదీయరు. ఈజిల్ మాట వచ్చేసరికి మాత్రం, "అది పెద్ద చిత్రకారులకు గదా, మనకెందుకు?" అని ఊరుకుంటారు. లేదా ఎవరింట్లోనో చూచి అటువంటిదే కొని, రెండు నెలలు తిరగకుండా అటక మీదికి ఎక్కిస్తారు. ఈజిల్‌తోపాటు రంగుల పెట్టె కూడా అటక ఎక్కడం మేము చాలా ఇళ్ళలో చూచాము. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

ఈజిల్ లేనివారు బల్లను కుర్చీ వీపుకు ఆనిస్తారు. లేకుంటే నేలమీద పరుచుకొని వంగి వేస్తారు. మెడనొప్పి సంగతి అటుంచండి. బల్ల పడుకొని ఉన్నప్పుడు దాని పైభాగం కంటికి దూరంగా, కుదించినట్లు కనబడుతుంది. చేయి తెలియకుండానే ఆ కుదింపును సరిచేస్తూ పోతుంది. తీరా గోడకు నిలబెట్టి చూస్తే వేసిన ముఖం పైకి సాగిపోయి ఉంటుంది. "మా పాపకు పోలిక రావటం లేదు" అనే తల్లిదండ్రులు ముందు ఆ పాప ఎలా కూర్చుని వేస్తున్నదో చూడాలి. బొమ్మ కంటికి ఎదురుగా నిలబడాలి; వేసేవారు నాలుగడుగులు వెనక్కు వెళ్ళి చూచుకొనే వీలుండాలి. ఈజిల్ చేసే పని ఇంతే, కాని ఆ పని కుర్చీ చేయలేదు.

ఈజిల్ అనే మాట డచ్చివారి ఎజెల్ నుండి వచ్చింది. ఎజెల్ అంటే గాడిద. ఫ్రెంచివారు ఇదే వస్తువును చిన్న గుర్రం అన్నారు. మోసేది గాడిదా గుర్రమా అన్నది వారు తేల్చుకోవలసిన విషయం. మనకు కావలసినది మనం మోయగలిగిన గాడిద.

ఆరుబయట ప్రకృతి దృశ్యాలను తైలవర్ణాలలో వేయడం అందరికీ అందుబాటులోకి వచ్చినది 1841 తరువాతనే. ఆ సంవత్సరం జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. అంతకు ముందు రంగును పంది మూత్రాశయపు సంచులలో కట్టి ఉంచేవారు. రంగు సంచిలో ఇమిడిన తరువాత, ఈజిల్ కూడా మడతపడి చంకకు రావలసిన అవసరం పెరిగింది. నేడు అంగళ్ళలో దొరికే చేతి ఈజిళ్ళన్నీ ఆ అవసరంలోనుంచి పుట్టినవే.

వాటిలో ముఖ్యమైనవి మూడు రకాలు. మొదటిది పెట్టె ఈజిల్, ఫ్రెంచి ఈజిల్ అని కూడా అంటారు. చూడడానికి సూట్‌కేసువలె ఉంటుంది. మూడు కాళ్ళు విప్పితే నిలబడుతుంది. సొరుగు లాగితే రంగులు, కుంచెలు. పైకి లేచే కర్రకు కాన్వాసు. సుమారు 33 అంగుళాల ఎత్తు కాన్వాసు వరకు పడుతుంది. ఇంట్లో పెట్టుకొన్నా చిన్న బల్లలాగ పనికివస్తుంది. చూడగానే మనసు పడే వస్తువు ఇది. బరువు మాత్రం ఖాళీగానే దాదాపు ఆరు కిలోలు. రంగులు, నూనె, టర్పెంటైను, కాన్వాసు, మంచినీళ్ళ సీసా కలిపితే పది కిలోల మూట అవుతుంది. ఇందులోనే వెడల్పు తగ్గించిన సగం పెట్టె వస్తుంది. అది నాలుగు, నాలుగున్నర కిలోలు.

రెండవది ముక్కాలి ఈజిల్. పెట్టె ఉండదు, మూడు కాళ్ళు, కాన్వాసు పట్టే కర్ర, అంతే. కర్రతో చేసినది రెండు కిలోల నుండి మూడు కిలోల లోపు ఉంటుంది. రంగులకు వేరే సంచి తీసుకుపోవాలి. మూడవది మూతలోనే అట్ట నిలబడే చిన్న పెట్టె. దీనిని పొషాడ్ పెట్టె అంటారు. ఒళ్ళో పెట్టుకొని గాని, ఫోటోగ్రాఫరు వాడే ముక్కాలి మీద బిగించుకొని గాని వేయవచ్చు. ఎనిమిది పది అంగుళాల చిన్న అట్టలకు మాత్రమే తగినది. ప్రయాణాలలో దీనికి సాటి లేదు, కాని ఇంట్లో పెద్ద బొమ్మకు పనికిరాదు.

ఏది మంచిది అని అడిగితే మేము ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాము: మీరు బొమ్మ వేసే చోటికి ఎలా వెళతారు? కారులో వెళ్ళేవారికి పెట్టె ఈజిల్ బరువు లెక్కలోకి రాదు. సిటీబస్సులో వెళ్ళి, దిగి, తోటలో మైలు నడవవలసినవారికి ఆ బరువే సర్వస్వం. మాతో ఆదివారాలు లాల్‌బాగ్‌కు వచ్చే బృందంలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఉద్యోగ జీవితమంతా ఎదురుచూచి, విరమించిన నెలలోనే చక్కని ఫ్రెంచి ఈజిల్ తెప్పించుకొన్నారు. దానిని మోసుకొని నందికొండకు ఒక్కసారి వచ్చారు. తరువాత మూడు నెలలు కుడిచేయి పైకి లేవలేదు. "బొమ్మల సరదా తీరిందా?" అని ఇంట్లో ఎకసెక్కాలు. ఆయన మానేస్తారనే అనుకున్నాము. చివరకు ఆ పెట్టెను ఇంట్లో కిటికీ దగ్గర స్థిరంగా ఉంచి, బయటికి రెండు కిలోల ముక్కాలి తీసుకొని మళ్ళీ రావడం మొదలుపెట్టారు. రెండు కొనే తాహతు అందరికీ ఉండదు గదా. ఒక్కటే కొనేవారు ఎక్కువ పని ఎక్కడ చేస్తారో నిజాయితీగా లెక్క వేసుకోవాలి. వారానికి ఆరు రోజులు ఇంట్లో వేసి, నెలకొక్కసారి బయటికి పోయేవారికి సగం పెట్టె. ప్రతి ఆదివారం బయటికి పోయేవారికి ముక్కాలి. మాకు తోచిన పద్ధతి ఇది. మూడడుగులకు మించిన కాన్వాసులు వేసేవారికి మాత్రం మోసుకుపోయే ఈజిల్ ఏదీ సరిపోదు. వారికి నేలమీద స్థిరంగా ఉండే బరువైన చట్రమే కావాలి.

ఇంట్లో చోటు ఇంకొక సమస్య. రెండు గదుల ఇంట్లో కాపురం ఉండే ఒక సోదరి మాతో అన్న మాట మాకు గుర్తున్నది: "రాత్రి అన్నాలకు కంచాలు పెట్టేలోగా అది మాయం కావాలండీ, లేకపోతే రేపు నాకు బొమ్మలుండవు." కాబట్టి మడిచిన తరువాత కొలత ఎంత అని అడగండి. తలుపు వెనుక నిలబడేది కావాలా, మంచం క్రిందికి పోయేది కావాలా? పెట్టె ఈజిల్ మందం ఆరేడు అంగుళాలు. తలుపు వెనుక ఇమడదు, మంచం క్రిందికి పోతుంది. ముక్కాలి తలుపు వెనుక నిలబడుతుంది.

ఇక కర్ర సంగతి. ఇటలీ, ఫ్రాన్సు దేశాలలో చేసే మంచి ఈజిళ్ళు చాలావరకు బీచ్ కలపతో చేసినవి. గట్టి కలప, నున్నగా వస్తుంది, మర బాగా పడుతుంది. కాని అది చలిదేశపు చెట్టు. పురుగును తట్టుకొనే శక్తి దానికి స్వతహాగా తక్కువ, తేమకు ఉబ్బుతుంది. వానాకాలంలో ఒకదానిలో ఒకటి జరిగే కాళ్ళు బిగుసుకుపోయి, కాలితో తన్ని లాగవలసి వస్తుంది. మదరాసులోను, యానాంలోను సముద్రపు గాలిలో ఉండేవారికి ఈ బాధ మరీ ఎక్కువ. దీనికి నూనె రాయకూడదు. ఎండిన రోజు చూచి కాళ్ళు విప్పి, జరిగే చోట తెల్ల కొవ్వొత్తి ముక్కతో రుద్దితే చాలు.

చవకలో దొరికేవి పైన్, మామిడి. పైన్ తేలిక, కాని మెత్తన. మర బిగించిన చోట గుంట పడుతుంది. మామిడి చెక్కకు పుచ్చు తొందరగా పడుతుంది. టేకు మనకు తెలిసినదే. తనలోని తైలం వల్ల చెదలకు, తేమకు తట్టుకుంటుంది, వంకర పోదు. ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు. బీచ్ 700 పైమాట. కాబట్టి టేకు బరువు అనే భయం అనవసరం. ఖరీదు సంగతి మాత్రం నిజమే. పిల్లల బొమ్మలకు ప్రసిద్ధమైన అంకుడు కర్ర పనికిరాదా అని కొందరు అడిగారు. ఏటికొప్పాకలో అంకుడు అనేదే ఇక్కడ చన్నపట్నంలో ఆలె మరం. చెట్టు ఒక్కటే. మెత్తగా, తెల్లగా, పట్టడకు అనువుగా ఉంటుంది. ఈజిల్‌కు గుబ్బలు, మేకులు దానితో ముచ్చటగా వస్తాయి. కాళ్ళకు మాత్రం తగదు.

ఏ కర్ర అయినా కాలిని కంటికి తుపాకిలాగ పట్టి పొడుగునా చూడండి. వంకర ఉంటే తెలిసిపోతుంది. రేఖలు కాలి పొడుగునా సాఫీగా పోవాలి. అడ్డంగా బయటికి పోయిన చోట, కన్ను ఉన్న చోట విరుగుతుంది.

అయినా మా అనుభవంలో ఈజిళ్ళు విరిగేది కర్రలో కాదు, లోహంలో. ఎన్ని మరలు ఉన్నవో లెక్కపెట్టండి. పెట్టె ఈజిల్‌లో ప్రతి కాలికీ, కర్రకూ, మూతకూ చేత్తో తిప్పే చెవుల మరలుంటాయి. ఒక్కటి జారితే కాన్వాసు ముక్కుమీద పడుతుంది. ఇత్తడి అయితే తుప్పు పట్టదు. ఇనుముకు ఇత్తడి పూత పూసినదా అని తెలుసుకోవడానికి చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకు వెళ్ళండి. అంగడివాడు నవ్వితే నవ్వనీయండి. మర నేరుగా కర్రలోకి దిగినదైతే పదిసార్లు విప్పి బిగించేసరికి గాడి అరిగిపోతుంది; కర్రకు అవతల లోహపు నట్టు ఉండాలి, మధ్య వాషరు ఉండాలి. చెవి మర చిన్నదైతే వ్రేళ్ళకు పట్టు దొరకదు, కీళ్ళనొప్పులు ఉన్న పెద్దవారికి మరీ కష్టం. అదే కొలత మరలు రెండు అదనంగా అడిగి తీసుకోండి. గడ్డిలో పడిన మర దొరకదు.

అంగడిలో ఈజిల్‌ను విప్పి చూపించమని అడగడానికి మొగమాటపడకండి. వారు విప్పడం కాదు, మీరే విప్పాలి, మీరే మడవాలి. అయిదు నిమిషాలకు మించితే ఆలోచించండి; బయట ఉదయపు వెలుతురు ఎవరికోసమూ ఆగదు. తరువాత ఒక అట్టను నిలబెట్టి, దాని పై మూలను కుంచెతో అద్దినట్లు వ్రేలితో నొక్కండి. అట్ట కొంచెం ఊగి ఆగితే ఫరవాలేదు. కాళ్ళు కదిలితే ఆ ఈజిల్ వద్దు. ఒక కాలిని పొట్టిచేసి, మెట్టుమీద పెట్టి చూడండి. తోటలో నేల అంగడి గచ్చులాగ ఉండదు. లాల్‌బాగ్ బండమీద ఇనుప మొనల కాళ్ళు జారిపోతాయి. మెత్తని గడ్డిలో రబ్బరు తొడుగులు నిలవవు. మొనా ఉండి, దానిపైన తీసి పెట్టుకొనే తొడుగూ ఉంటే రెండు చోట్లా పని జరుగుతుంది.

నీటిరంగులు వేసేవారు ఇంకొకటి చూడాలి. తైలవర్ణానికి కాన్వాసు నిటారుగానో, మెరుపు కంటికి కొట్టకుండా పైభాగం కాస్త ముందుకు వాలిగానో ఉండాలి. పొడిరంగు కడ్డీలతో వేసేవారికి కూడా ముందుకు వాలితేనే పొడి బొమ్మమీద పడకుండా క్రిందికి రాలుతుంది. నీటిరంగుకు అలా కాదు. బల్ల దాదాపు పడుకొని, తల వైపు కొంచెం లేచి ఉండాలి, లేకుంటే రంగు ధారకట్టి కారుతుంది. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897–1925) చిత్రాలలో ఎక్కువభాగం నీటిరంగులే. తెలుగువారిలో ఆ అభిమానం ఇప్పటికీ పోలేదు. కాబట్టి బల్ల నిటారు నుండి పడక వరకు ఏ వాలులోనైనా ఆగుతుందా అని చూచుకొని కొనండి. చాలా ముక్కాళ్ళు ఈ పరీక్షలో తప్పుతాయి.

గాలి సంగతి విదేశీయులను అడగాలి. 1888లో ఆర్లెస్ పట్టణంలో విన్సెంట్ వాన్ గోగ్ గాలికి ఆగలేక, ఈజిల్ కాళ్ళను నేలలోకి దింపి, ప్రక్కన అరమీటరు ఇనుప మేకులు పాతి, త్రాళ్ళతో కట్టివేసి వేశాడు. 1885లో ఎత్రెతా సముద్రతీరాన మోనే అలల లెక్క తప్పగా, ఒక కెరటం ఆయనను కొండకు కొట్టి, ఈజిల్‌తో సహా సామానంతా ఎత్తుకుపోయింది. మనకు అంత సాహసం అవసరం లేదు. మూడు కాళ్ళ నడుమ ఒక త్రాడు వ్రేలాడదీసి, దానికి చేతిసంచి కట్టి, దొరికిన రాళ్ళు వేస్తే చాలు. గొడుగును మాత్రం ఈజిల్‌కు కట్టవద్దు. అది తెరచాప అయి మొత్తాన్ని లాగేస్తుంది. గొడుగును వేరే కర్రకు కట్టి పాతాలి. బొమ్మ, రంగుల పలక రెండూ నీడలోనే ఉండాలి. ఎండ పడే కాన్వాసుమీద రంగు మిరుమిట్లు గొలిపి, ఇంటికి వచ్చి చూస్తే నల్లగా ఉంటుంది. వెనుకనుండి ఎండ కాన్వాసులోనుంచి దూరి వచ్చినా ఇదే మోసం. దానికి వెనుక ఒక అట్ట పెట్టడమే మందు.

ఇంట్లో వేసేవారికి ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఉత్తరపు కిటికీ అని చెబుతాయి. ఆ వెలుతురు రోజంతా మారదని వారి మాట. వారి దేశంలో అది నిజమే. బెంగుళూరు ఉన్న అక్షాంశం సుమారు 13 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారం నుండి ఆగస్టు నడిమి వరకు ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు; ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. మదరాసువారికీ అంతే. అందుచేత మన ఇళ్ళలో ఈజిల్‌ను కాలాన్నిబట్టి ఒక కిటికీ దగ్గరనుంచి ఇంకొక కిటికీ దగ్గరకు మార్చుకోవలసిందే. బయటికి ఎన్నడూ పోనివారికి కూడా తేలికైన ఈజిల్ మేలు అని మేము చెప్పడానికి ఇదొక కారణం.

కొనడానికి వెనుకాడేవారు వడ్రంగిచేత చేయించుకోవచ్చు. మా బృందంలో కొందరు చేయించుకొన్న కొలతలు ఇవి. పాత ఇళ్ళు పడగొట్టిన టేకు ద్వారబంధాలు పాత కలప అంగళ్ళలో దొరుకుతాయి. ఏనాడో ఆరిన కర్ర, ఇక వంకర పోదు. లోపల మేకులు లేకుండా చూచుకోవాలి, లేకుంటే రంపం పళ్ళు పోయాయని ఆచారిగారు మన మీద కేకలు వేస్తారు. ఒక్కొక్క కాలు రెండు ముక్కలు: పైది మూడడుగులు, క్రిందిది రెండున్నర అడుగులు, వెడల్పు అంగుళంన్నర, మందం ముప్పాతిక అంగుళం. పూర్తిగా చాచినప్పుడు కూడా రెండు ముక్కలు ఎనిమిది అంగుళాలు కలిసే ఉండాలి. అక్కడ పిసినారితనం చేస్తే కాలు ఊగుతుంది. ముందు కాళ్ళు రెండింటిని పైన ఒక దిమ్మెకు, వెనుక కాలిని ఇత్తడి బందుతో ఆ దిమ్మెకే బిగించాలి. ముందు కాళ్ళకు మూడంగుళాలకొక రంధ్రం చొప్పున వేసి, మేకులమీద అడ్డకర్ర పెడితే కాన్వాసు దానిమీద నిలుస్తుంది. కాళ్ళు విచ్చిపోకుండా చిన్న గొలుసు కట్టాలి. మొత్తం బరువు మూడు కిలోలకు అటూ ఇటూ వస్తుంది. ఈ నమూనాలో బల్ల పడుకోదు. నీటిరంగులవారు అడ్డకర్రకు బదులు బందులున్న పలక వేయించుకోవాలి.

పని పూర్తి అయిన తరువాత అవిసెనూనె పలుచగా రాసి, గుడ్డతో గట్టిగా తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. ఆ గుడ్డ విషయంలో మాత్రం జాగ్రత్త. అవిసెనూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలపడవేస్తే, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకొంటాయి. ఇది కట్టుకథ కాదు. తైలవర్ణాలు తుడిచిన గుడ్డలకూ ఇదే వర్తిస్తుంది. వాటిని విప్పి, ఆరుబయట దండెంమీద ఒక్కొక్కటిగా ఆరవేయండి. లేదా నీళ్ళలో తడిపి మూత ఉన్న డబ్బాలో ఉంచండి. పెట్టె ఈజిల్ సొరుగులో ఎప్పుడూ కుక్కవద్దు.

కొనే ముందు నలుగురివి చూడదలచినవారికి బెంగుళూరులో మంచి అవకాశం ఉన్నది. కర్ణాటక చిత్రకళా పరిషత్తు 2003 నుండి ఏటా కుమారకృపా రోడ్డుమీద చిత్రసంతె నడుపుతున్నది. సాధారణంగా జనవరిలో జరుగుతుంది. రోడ్డుకు ఇరుప్రక్కలా చిత్రకారులు, వారి ప్రక్కన ఈజిళ్ళు. బొమ్మ బాగున్నదని ముందు చెప్పి, తరువాత ఈజిల్ ఎన్నేళ్ళుగా వాడుతున్నారు, ఏది మొదట పాడైంది అని అడగండి. విసుక్కోకుండా చెబుతారు. ఈ నగరపు పూలచెట్లను ఎదుట నిలిచి చిత్రించిన రుమాలె చెన్నబసవయ్యగారి (1910–1988) చిత్రాలు కూడా ఇక్కడివారు తప్పక చూడాలి. పూచిన చెట్టు క్రింద ఈజిల్ వేసుకొని నిలబడాలన్న కోరిక వాటిని చూస్తేనే పుడుతుంది.

వడ్రంగిచేత చేయించుకోదలచినవారు వానలు మొదలు కాకముందే, వేసవిలో పని ఒప్పగించడం మంచిది. తేమలో కోసిన అతుకులు ఎండలకు వదులవుతాయి.